మూడు మిరపకాయల నిమ్మకాయ

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను రైతుబజారులో నిమ్మకాయలు ఏరుతున్నాను. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. నిమ్మకాయలమ్మే ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. ఒకప్పుడు మాస్టారినీ అందరూ అలాగే చూశారు.

మార్టూరు దగ్గర, గ్రానైట్ కోసే షెడ్ల మధ్య మాదో ప్రైవేటు జూనియర్ కాలేజీ. సెల్‌ఫోన్లు ఇంకా మా ఊళ్ళకి రాని రోజులు. ల్యాబంటే ఒక బీరువా, దానికో తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎప్పుడూ తెలిసేది కాదు. అణువుల ఆకారాలు చూపించే బొమ్మలు కొనమని అడిగీ అడిగీ విసిగిపోయి, మాస్టారు ఇంట్లోంచి నిమ్మకాయలు తెచ్చుకున్నారు. మిరపకాయలకి మా వైపు కొదవేముంది? మేకుతో నిమ్మకాయకి చిల్లు పొడిచి ఎండు మిరపకాయల్ని తొడిమ వైపునుంచి గుచ్చేవారు. మధ్య పరమాణువు నిమ్మకాయ, చుట్టూ ఉన్నవి మిరపకాయలు.

"ఒకదానికొకటి ఎంత దూరం పోగలవో అంత దూరం జరుగుతాయి, తోటికోడళ్ళలాగా. అట్టా సర్దుకున్నాకే ఆ ఆకారానికి పేరు పెడతాం," అనేవారు. క్లాసయ్యాక మర్చిపోయి ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకునేవారు. అందుకని మేం చెంబుతో నీళ్ళు సిద్ధంగా ఉంచేవాళ్ళం.

ఒక సాయంత్రం తాళంచెవి దొరక్క, ఆ నిమ్మకాయల్ని కాలేజీ యజమాని కరస్పాండెంటు గారి బల్ల మీద పెట్టి ఇంటికెళ్ళిపోయారు. అది అడ్మిషన్ల సీజను. తెల్లారి ఊడవడానికొచ్చిన ఆయమ్మ పెట్టిన కేకకి షెడ్లలో మిషన్లు ఆగిపోయాయి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి వచ్చిన కరస్పాండెంటు గారికి మిరపకాయలంటే భయం లేదు గానీ, నిమ్మకాయకి గుచ్చిన మిరపకాయలంటే చచ్చేంత భయం.

"చేతబడి! ఏందండీ మాస్టారూ, నేను మీకేం అన్యాయం చేశా? రేపట్నించి రావద్దు!"

ప్రతి ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించే మనిషి మీద చేతబడి నింద! మేం నవ్వబోయి ఆగిపోయాం. ఆ జీతం తప్ప మాస్టారికి వేరే ఆధారం లేదు. ఆయన మొహం పాలిపోయింది.

"ఒక్క క్లాసు వినండి. తర్వాత మీ ఇష్టం," అన్నారు.

కరస్పాండెంటు గారు గడప దగ్గరి బెంచీ మీద, పారిపోవడానికి వీలుగా కూర్చున్నారు. మాస్టారు ఆరు మిరపకాయల నిమ్మకాయ ఎత్తి, "ఇది అష్టముఖీయం," అన్నారు.

"ఆరే ఉంటే అష్టమేందండీ?" యార్డు లెక్క ఊరుకుంటుందా?

"కాయల్ని కాదండీ, ముఖాల్ని లెక్కపెట్టాలి."

కరస్పాండెంటు గారు లేచొచ్చి, జేబులోంచి మూటలు కట్టే పురికొస తీసి, మిరపకాయల కొసల్ని ఒకదానికొకటి కలిపి కట్టారు. త్రికోణాలు తేలాయి. పైన నాలుగు, కింద నాలుగు. "ఎనిమిదే!" అని అరిచారు. భయం సంగతి మర్చిపోయారు. వెంటనే ఇంకో నిమ్మకాయ ఎత్తి, "దీనికి నాలుగు చిల్లులు పొడిచి మూడే గుచ్చారేం? నాలుగోది ఎవరు తిన్నారు?"

"అది అమ్మోనియా అండీ. నాలుగో చోట ఒంటరి జంట ఉంటుంది, రెండు ఎలక్ట్రాన్లు. కనపడదు. కానీ ఆ జాగా దానిదే. మిగతా మూడింటినీ దగ్గరికి నెడుతుంది కూడా. ఆకారానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం లెక్కలో వెయ్యం. అందుకే చతుర్ముఖీయం అనం, పిరమిడ్ అంటాం."

"ఉన్నదాన్ని లెక్కలో వెయ్యకపోతే ఎట్టా మాస్టారూ? అన్యాయం కదా!"

గంట కొట్టినా వాదన తెగలేదు. ఉద్యోగం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మాస్టారు సంతోషంతో కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ అదే చేత్తో. చెంబు నేనే అందించాను. ఆ క్లాసు వల్లే నాకు కెమిస్ట్రీ అంటే భయం పోయింది. ఇవాళ నేనూ అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను.

మొన్న ఆయన జ్ఞాపకార్థం చర్చిలో ఆదరణ కూడిక ప్రార్థన పెట్టారు. ముందు బెంచీ మీద మాస్టారి భార్య, ముసలివాడైపోయిన కరస్పాండెంటు గారు, నేను కూర్చున్నాం. నలుగురు పట్టే బెంచీ. అమ్మగారు అలవాటు కొద్దీ హార్మోనియం వైపు ఒక మనిషికి ధారాళంగా జాగా వదిలేసి మా వైపు జరిగారు. ముగ్గురం ఒకరికొకరం ఒత్తుకుపోయాం. నేను సగం గాల్లో ఉన్నాను.

"ఇరుకుగా ఉందా అమ్మా?" అని అడిగారావిడ. నేను ఆ ఖాళీ వైపు చూశాను.

"సరిపోయిందమ్మా," అన్నారు కరస్పాండెంటు గారు, వేళ్ళమీద మమ్మల్ని లెక్కపెట్టుకుంటూ. "నలుగురమేగా."