వలయం చిన్నగా వచ్చిన రోజు

మేడమ్ పోయారని మొన్న పొద్దున ఉప్పల్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. "నిద్రలోనే పోయింది, ఏమీ బాధపడలేదు" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయారన్న మాట కాదు, నిద్రలో పోయారన్న మాట. ఆవిడ అంత కుదురుగా ఏ పనీ చేయగా నేను చూడలేదు.

డెబ్బైల్లో ఉప్పల్ దగ్గర ఒక పరిశోధనాలయంలో ఆవిడ శాస్త్రవేత్త, నేను ల్యాబ్ అసిస్టెంటుని. నాచారంలో మా ఇంటి నుంచి ద్రాక్షతోటల పక్కగా నడిచి వెళ్లేదాన్ని. మేడమ్‌ది గుంటూరు వైపు. ఆవిడ పనంతా మాయ మీద. కాన్పయ్యాక బిడ్డ వెనకాల పడే మాయే. కడుపులో ఉన్నంతకాలం అది కొన్ని ప్రొటీన్లు తయారుచేసి తల్లి రక్తంలోకి వదులుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ వాటిలో ఒకటి పెరుగుతూ పోవాలి. పెరగాల్సింది తగ్గితే, మాయ నీరసించి బిడ్డకు తిండి అందడం లేదేమోనని అనుమానించాలి. ఆ సంగతి తల్లి రక్తపు చుక్కలోంచి ముందే పసిగట్టవచ్చా అన్నదే ఆవిడ వెతుకులాట.

మాయల్ని నగరంలోని ప్రసూతి ఆసుపత్రి నుంచి ఐసు డబ్బాలో తెచ్చేవాళ్లం. అడగకపోయినా ఎవరూ ఏమీ అనని రోజులవి. అయినా తల్లినో, వెంట వచ్చిన పెద్దామెనో అడగకుండా మేడమ్ ఒక్కటి కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి ఒక ముసలమ్మ ఎదురు తిరిగింది.

"మాయను భూమిల పాతిపెట్టేది. మీకెందుకు? ఏం జేస్తరు దాన్ని?"

"అందులో ఏముందో చూస్తాను పెద్దమ్మా. ఏ బిడ్డ కష్టంలో ఉందో ముందే తెలుసుకోవాలని."

"తెలుస్తదా?"

"ఇంకా తెలీదు."

ముసలమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది. "అబద్ధమైతే జెప్పలేదు నువ్వు. అయినా నేనియ్య" అంది. మేడమ్ నమస్కారం పెట్టి ఖాళీ డబ్బాతో వచ్చేశారు.

ల్యాబ్‌లో మా పరీక్ష ఇలా ఉండేది. మాయలోంచి తీసిన ప్రొటీన్‌ను కుందేలుకు ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే పదార్థం కుందేలు రక్తంలో తయారవుతుంది. ఆ పదార్థాన్ని తీసి, జెల్లీలో కలిపి, గాజుపలక మీద పల్చగా పోసేవాళ్లం. అందులో చిన్న గుంట చేసి తల్లి రక్తరసం చుక్క వేస్తే, గుంట చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. ప్రొటీన్ ఎంత ఎక్కువ ఉంటే వలయం అంత పెద్దది. అది పూర్తిగా తేలడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ మేడమ్ కూర్చోలేకపోయేవారు. వరండాలో చెప్పులు టపటపలాడించుకుంటూ అటూ ఇటూ తిరిగేవారు. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయేవారు. "మాటిమాటికీ చూస్తే తొందరగా రాదని తెలుసమ్మాయ్. చూడకపోతే నాకు ఊపిరాడదు" అనేవారు.

అంతలో నాకు నెల తప్పింది. నా రక్తం కూడా ఇస్తానన్నాను. ఎనిమిదో నెలలో రక్తమిచ్చి, సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం మేడమ్ ల్యాబ్ జీపులో వచ్చి దిగారు. మా అత్తమ్మ మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు.

"బిడ్డ కదులుతోందా?"

"కదులుతున్నది మేడమ్. ఏమైంది?"

"నీ వలయం బాగా చిన్నగా వచ్చింది. నా పరీక్షే తప్పు కావచ్చు. మళ్లీ పెట్టాను. అది తేలేదాకా నేను ఆగలేను. డాక్టరుకు చూపిద్దాం, పద."

అత్తమ్మకు కోపం వచ్చింది. "పిల్ల మంచిగనే ఉన్నది గదా. గాజుపలక జెప్పిందని దవాఖానకు తీస్కపోతరా?"

"అది చెప్పింది నిజమో కాదో నాకూ తెలీదమ్మా. నిజమైతే మాత్రం ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం?"

అత్తమ్మ నా మొహం చూసింది. కొంగు నడుముకు చుట్టుకుని "నడువుండ్రి, నేను గూడ వస్త" అంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు విని, బాగానే ఉందన్నారు. "ఇంకా పరిశోధనలో ఉన్న పరీక్ష ఇది. దీన్ని నమ్మి నెలలు నిండని బిడ్డను బయటికి తీయమంటారా?" అని అడిగారు.

"తీయమనడం లేదు డాక్టర్. ఇక్కడే ఉంచుకుని, గుండె వింటూ ఉండండి. అంతే."

మరునాడు సాయంత్రం ఆ గుండె చప్పుడు మందగించడం మొదలైంది. డాక్టరమ్మ ఇక ఆలోచించలేదు. ఆపరేషన్ చేసి పాపను తీశారు. పిల్లికూనంత ఉంది. మెడకు పేగు చుట్టుకుని ఉందట. చాలాసేపటికి గానీ ఏడవలేదట. ఆ ఏడుపు వినబడగానే మేడమ్ నడవాలో కటిక నేల మీద కూలబడ్డారని అత్తమ్మ తర్వాత చెప్పింది.

ల్యాబ్‌లో అందరూ పండగ చేసుకున్నారు. మా ల్యాబ్ పెద్దాయన ఈ సంగతి శాస్త్రవేత్తల సభలో చెబుదామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది.

"రెండో పలక మీద నీ వలయం మామూలుగానే వచ్చిందమ్మాయ్. మొదటిసారి ఎక్కడో నా చేతిలోనే తప్పు జరిగింది. మెడకు పేగు చుట్టుకోవడం నా పరీక్షకు అందే సంగతి కాదు."

"తప్పయితే అయింది మేడమ్. నా బిడ్డ దక్కింది గద."

"నీకు దక్కింది. ఇదే తప్పు ఇంకో తల్లికి జరిగితే? బాగున్న బిడ్డను ముందే కోసి తీసేవాళ్లం కదా?" అని పాప వంక చూశారు. "బతికింది, సంతోషిద్దాం. రుజువని మాత్రం అనొద్దు."

కలిపి ఉంచిన జెల్లీ అంతా పారబోయించి, మళ్లీ కుందేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఆ పరీక్ష నిలకడగా రావడానికి చాలాకాలం పట్టింది. కొన్నేళ్లు వాడారు. తర్వాత కడుపులోకి చూసే స్కానింగ్ యంత్రాలొచ్చి దాని అవసరం తీరిపోయింది. బాధగా ఉందా అని అడిగితే నవ్వేశారు. "అవి లోపలికే చూస్తున్నాయి. నేను తలుపు బయట చెవి పెట్టి విన్నాను. చూడగలిగినప్పుడు వినడమెందుకు?"

తెలియని దాన్ని తెలియదని చెప్పడం, చెప్పి కూడా చేతులు ముడుచుకుని కూర్చోకపోవడం నేను ఆవిడ దగ్గరే చూశాను. ఆ రెండూ కలిసి ఒక మనిషిని ఎంత నలిపేస్తాయో కూడా చూశాను.

పోయిన చలికాలం మా అమ్మాయితో కలిసి మేడమ్ ఇంటికి వెళ్లాను. యాభై దగ్గరపడుతున్న మనిషిని పట్టుకుని, "ఊపిరి బాగా ఆడుతుందా నీకు? మెట్లెక్కితే ఆయాసం రాదు కదా?" అని అడిగారు. అది నవ్వుతూ, "మీకింకా నా ఫికరేనా ఆంటీ?" అంది. తిరిగి వచ్చేటప్పుడు వద్దన్నా వినకుండా గేటు దాకా వచ్చారు. మా అమ్మాయి ఆటో పిలుచుకొస్తానని ముందుకు నడిచింది. సందు చివర మలుపు తిరిగి కనబడకుండా పోయింది. మేడమ్ గేటు ఊచ పట్టుకుని, మడమలు పైకెత్తి, ఇంకా అటే చూస్తున్నారు.