బొండాలు తేవద్దని బోర్డు పెట్టాను

మా ఆయనకి ఇక ఎంతో కాలం లేదన్న సంగతి కోనసీమంతా తెలియడానికి ఒక్క పూట పట్టింది. కాకినాడ ఆసుపత్రి నుంచి మేము అమలాపురం చేరేలోపే అభిమానుల వాట్సాప్ గ్రూపులో వార్త తిరిగేసింది. ఒకాయన తొందరపడి దండ వేసిన ఫోటో కూడా పెట్టేశారు. మా ఆయన అది చూసి, ఎప్పటి ఫోటో సంపాదించాడో గానీ జుట్టు ఎంత ఒత్తుగా ఉందో చూడమని మురిసిపోయారు. నేను మాత్రం ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి దులిపేశాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, రిటైరయినా గొంతు రిటైరవలేదు.

మా ఆయన ఎడమచేతి స్పిన్ బౌలరు. చాలా ఏళ్లు రాష్ట్ర జట్టుకి ఆడారు. బయటి ఊళ్లవాళ్లు ఆయన్ని మర్చిపోయి చాలాకాలమైంది. మా వైపు అలా కాదు. రాజోలు నుంచి కొత్తపేట దాకా యాభై దాటిన మగవాళ్లలో, ఆయన బంతి తిరగడం కళ్లారా చూశామని చెప్పనివాళ్లు లేరు. నిజంగా అంతమందీ చూసి ఉంటే ఆయన ఆడిన గ్రౌండు గోడలు పడిపోయేవి. నేనైతే ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడలేదు. కూర్చున్నచోటే పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని.

జబ్బు ఒళ్లంతా పాకి కిడ్నీల దాకా వచ్చింది. ఇంకా ఏవేవో చేయవచ్చు గానీ వాటివల్ల రోజులు పెరుగుతాయే తప్ప నయం కాదని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. మా ఆయన ఆ పూటంతా ఆలోచించి, ఆసుపత్రి మంచం వద్దన్నారు. ఇంటి వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పుకుంటే చాలన్నారు. నన్ను ఆయన అడిగింది అదొక్కటే. అది జరిగేలా చూడటం నా పని అనుకున్నాను.

వచ్చేటప్పుడు డాక్టరుగారు తినకూడనివాటి జాబితా ఇచ్చారు. అందులో మొదటిది కొబ్బరి బొండం. ఆ నీళ్లలో ఉండే పొటాషియాన్ని పాడైపోయిన కిడ్నీలు బయటికి పంపలేవట, అది గుండె మీదికి వస్తుందట. పుట్టిన దగ్గర్నుంచీ జ్వరమొచ్చినా, వాంతులైనా, ఎండదెబ్బ తగిలినా బొండమే మందని నమ్మిన మనుషులం. మా ఆయన ఆ కాగితం చదివి, కోనసీమలో పుట్టినవాడికి రాయాల్సిన చీటీ కాదిదని నవ్వారు.

మర్నాటి నుంచే జనం మొదలు. ఎవరొచ్చినా బొండాలతోనే. స్కూటరు ముందు రెండు, సైకిలు వెనక నాలుగు. మామిడికుదురు నుంచి ఒకాయన ఏకంగా గెల భుజాన వేసుకుని వచ్చారు. ఆయనది కొబ్బరి దింపు పని, చెట్లెక్కి కాయలు కోసి దించడం. కుర్రతనంలో గ్రౌండు పక్కన చెట్టెక్కి మా ఆయన బౌలింగు చూసేవారట. వారంలో మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా ఒకే మ్యాచ్ గురించి చెప్పేవారు. చెప్పినప్పుడల్లా అందులో వికెట్లు పెరిగేవి. మా ఆయన ఒక్కసారి కూడా దిద్దలేదు. నాకే చెయ్యి దురద పెట్టేది, ఎర్ర పెన్ను కోసం.

మా ఆయనకి మొహమాటం ఎక్కువ. "ఆయ్, తాగుతానండి" అని బొండం తీసుకుని, వాళ్లు చూడకుండా కుర్చీ కింద పెట్టేసేవారు. కాట్రేనికోన నుంచి వచ్చినాయన దగ్గర మాత్రం ఆ ఎత్తు పారలేదు. అయ్యగారు తాగేదాకా కదలనని ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను పొయ్యి మీద పాలు చూసుకుని వచ్చేసరికి బొండం ఖాళీ. మర్నాడు పొద్దున్న గుండె దడ, ఆసుపత్రికి పరుగు. దేవుడి దయవల్ల ఆ గండం గడిచి మూడో రోజుకి ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చుకున్న గంటలో బోర్డు రాశాను. బ్లాక్‌బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో, 'కొబ్బరి బొండాలు, పళ్లు, తినేవి ఏవీ తీసుకురావద్దు. డాక్టరుగారి ఆదేశం' అని అట్ట మీద రాసి గేటుకి కట్టాను. రావద్దని ఎక్కడా అనలేదు. అక్షరాలు ముచ్చటగా కుదిరాయని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ రోజు ఎవరూ రాలేదు. ఆదివారం కాదు కదా అనుకున్నాం. మర్నాడూ రాలేదు. మా ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో గేటువైపు కుర్చీ తిప్పుకుని కూర్చునేవారు. వీధిలో బండి చప్పుడైతే మెడ ఎత్తేవారు. ఆ బండి ముందుకెళ్లిపోయేది. కోతల రోజులు కదా, పనులుంటాయిలే అని నాకే సర్దిచెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. వార్త వేడి మీదున్నప్పుడు ఎగబడ్డారు, తీరా మనిషి ఎదురుచూస్తుంటే మొహం చాటేశారు, వీళ్లా అభిమానులు అని తిట్టుకున్నాను. ఆరో రోజు ఆయన గడ్డం గీసుకోలేదు. ఎందుకని అడిగితే, ఎవరొస్తారులే అన్నారు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఆ మామిడికుదురు దింపు ఆయన బస్టాండు దగ్గర కనబడ్డారు. ఆగి, కడిగేద్దామనే మొదలుపెట్టాను. మనిషి ఎలా ఉన్నాడో చూడ్డానికి కూడా తీరిక లేకపోయిందా అన్నాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. రెండుసార్లు గేటు దాకా వచ్చి, బోర్డు చదువుకుని వెనక్కి వెళ్లిపోయారట.

"ఒట్టి చేతులతో ఎలా వచ్చేదండి మేడంగారూ? మనిషి బతికుండగా పలకరించడానికెళ్తే చేతిలో ఏదోటి ఉండాలి కదండీ. ఏదీ పట్టుకోకుండా ఎళ్లేది పోయినోళ్లింటికేనండి. అయ్యగారి గుమ్మంలోకి అలా రాలేకపోయేనండి, ఆయ్."

అరవై రెండేళ్లుగా ఈ నేల మీదే బతుకుతున్నాను. ఒంట్లో బాగోలేనివాళ్లని చూడ్డానికి నేనెప్పుడూ ఉత్త చేతులతో వెళ్లలేదు. చావు ఇంటికి ఎప్పుడూ సంచి పట్టుకుని వెళ్లలేదు. అంతా తెలిసే, బతికున్న నా భర్త గేటుకి ఆ బోర్డు కట్టాను. పైగా అక్షరాలు బాగున్నాయని మురిసిపోయాను.

అక్కడికక్కడే ఆయనకి చెప్పాను. బొండాలు తీసుకురమ్మన్నాను. కానీ తెచ్చినవాళ్లే, మా ఆయన ఎదురుగా కూర్చుని తాగాలన్నాను. ఈ మాట అందరికీ చెప్పమని బతిమాలుకున్నాను. నేను ఒకర్ని బతిమాలడం నాకే కొత్త. ఇంటికి రాగానే బోర్డు పీకి పొయ్యిలో పెట్టాను.

మర్నాటికి వరండా నిండిపోయింది. బొండాలు కొట్టడానికి కత్తి అక్కడే ఉంచాను. వచ్చినవాళ్లు మొహమాటపడుతూ తాగుతుంటే, మా ఆయన ఏ చెట్టుది, ఎంత తీపి, లేత మీగడ ఉందా అని ఆరా తీసేవారు. మళ్లీ గడ్డం గీసుకున్నారు. వికెట్లు మళ్లీ పెరిగాయి. వాడపల్లి నుంచి వచ్చినాయన ప్రసాదం కూడా తెచ్చి, అది తినవచ్చో లేదో నన్నడిగి మరీ ఇచ్చారు. అలా నెలన్నర గడిచింది. మా ఇంట్లో ఇంత నవ్వు ఎప్పుడైనా ఉందా అనిపించింది.

తర్వాత ఆయన కుర్చీలో కూర్చోలేకపోయారు. వరండాలోనే మంచం వేశాం. ఈ మంగళవారం రక్తపరీక్ష కాగితాలు పంపితే డాక్టరుగారు ఫోన్ చేశారు. "ఇక పథ్యం అక్కర్లేదమ్మా. ఆయన ఏది అడిగితే అది ఇవ్వండి" అన్నారు. ఎంతో మంచి మనిషి, మెల్లగానే చెప్పారు.

వరండాలో దింపు ఆయన అప్పుడే తన బొండం కొట్టుకున్నారు. నేను లోపల్నుంచి గాజుగ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టాను. దింపు ఆయన నా మొహం చూసి, బొండం నీళ్లు అందులోకి వంచారు. మా ఆయన గ్లాసు వైపు చూసి, నా వైపు చూశారు.

"డాక్టరుగారు సరేనన్నారా?"

"ఆయ్" అన్నాను. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ పలికినా ఏడుపొచ్చేసేది.

మా ఆయనకి అర్థమైంది. నేను తల వెనక చెయ్యి వేసి లేపి పట్టుకుంటే ఒక గుక్క తాగి, రెండో గుక్కని కళ్లు మూసుకుని కాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. తియ్యగా ఉన్నాయన్నారు. దింపు ఆయనకి దణ్ణం పెట్టారు. తర్వాత గ్లాసు నా వైపు తోశారు.

"మిగతావి నువ్వు తాగు. నేను బొండం మానేసిన రోజే నువ్వూ మానేశావు."

నిజమే. ఇంతమంది గొడవలో ఆయన అది చూడలేదనుకున్నాను. ఆయన పక్కనే మంచం మీద కూర్చుని తాగాను.