డాబా మీద చింతచిగురు

ఆ రోజు నజీమా చింతచిగురును డాబా మీద ఆరబెట్టకుండా తిన్నగా పప్పులో వేసి ఉంటే హజ్రా బీ ఉండిపోయేదా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. ఒక పూట కూర మీద మనిషి ఉండటం, పోవటం ఆధారపడతాయా అని నవ్వుకోబోతాను. నవ్వు రాదు.

హజ్రా బీ మా పక్కింటి ముజాహిద్‌కు అక్క. నరసరావుపేటలో, బరంపేటలో, మా రెండిళ్ళ డాబాలకూ మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ. ముజాహిద్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. అతని భార్య నజీమా. హజ్రా బీ భర్త పెళ్ళయిన కొన్నాళ్ళకే క్వారీలో రాయి జారిపడి పోయాడు. పిల్లలు లేరు. కొంతకాలం తమ్ముడి దగ్గర ఉండి, తర్వాత కువైట్‌లో ఒక ఇంట్లో వంటకు కుదిరింది. నల్లటి జుట్టుతో వెళ్ళిన మనిషి, గోరింటాకు పెట్టి ఎర్రబడిన నెరిసిన జుట్టుతో తిరిగి వచ్చింది. మధ్యలో వచ్చిపోయిన సెలవులు లెక్కలోకి రావు.

ఎందుకు రావంటే, ఆ సెలవులన్నీ ఒకే కాలంలో వచ్చేవి. అక్కడ ఎండలు ముదిరితే ఆ ఇంటివాళ్ళు చల్లని దేశాలకు పోయేవాళ్ళు. ఇంటికి తాళం పడితేనే ఈమెకు సెలవు. అందువల్ల ఇన్నేళ్ళలో ఈ ఊరిని ఆమె ఆషాఢంలోనో శ్రావణంలోనో తప్ప చూడలేదు. కళ్ళాల్లో పండుమిరపకాయలు పరిచినప్పుడు ఆమె లేదు. రేగుపళ్ళప్పుడు లేదు, ముంజెలప్పుడు లేదు, మాచర్ల వైపు నుంచి సీతాఫలాల గంపలు దిగినప్పుడు లేదు. ఆమె వచ్చేసరికి వానకు తడిసి నలిగిన తోటకూర, ధర మండిపోతున్న టమాటాలు ఉండేవి.

సాయంత్రాలు పిట్టగోడకు అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. నేను ఎక్కువగా వినేదాన్ని. ఆమె కువైట్ గురించి చెబుతుందనుకుంటే కూరగాయల గురించే చెప్పేది.

"అక్కడ కాలం తిరగేసి ఉంటదక్కా. మనకి వానపడితే ఆకు. వాళ్ళకి చలిపడితే ఆకు. కొత్తలో నాకు తెలవలా. ఎండాకాలం సంచి పట్టుకుని పోయి ఒట్టి చేతులతో వచ్చేదాన్ని. ఉన్నదంతా ఓడల్లో, విమానాల్లో వచ్చిందే. పట్టుకుంటే చల్లగా, నోట్లో పెట్టుకుంటే నీళ్ళు."

శుక్రవారం పొద్దున ఇంటి యజమానురాలు, వాళ్ళ వాడుకలో 'మామా', ఈమెను కారులో పెద్ద మార్కెట్టుకు పంపేది. డ్రైవరు రాయచోటి మనిషి. ఇంటి సరుకులు కొనటం అయ్యాక ఈమె వెనక గేటు వైపు నడిచేది. ఆ దేశపు సరిహద్దు దగ్గరి తోటల్లో పనిచేసే కూలీలు తాము విడిగా నాటుకున్న ఆకుకూరలు తెచ్చి, అట్టపెట్టెలు చింపి నేల మీద పరుచుకుని అక్కడే కూర్చునేవాళ్ళు.

"ఆ రాయచోటాయన ఊరకనే అరిచేవాడు. 'ఏం హజ్రమ్మా, నాలుగాకుల కోసం ఇంత దూరం నడిపిస్తాండావు, నీకేమన్నా మేకలుండాయా ఆడ?' అని. ఒకరోజు దూరం నుంచి ఎర్ర కాడ కనపడ్డది. బంగ్లాదేశాయన ముందర. దగ్గరికి పోయి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నా. గోంగూరే! పళ్ళు జివ్వుమన్నయ్. కళ్ళెంబడి నీళ్ళు కారినయ్. 'ఏడుస్తాండావా?' అన్నాడు రాయచోటాయన. పులుపుకి నాయనా అన్నా."

బంగ్లాదేశ్ మనిషి పేరు ఆమె అడగలేదట. అతనూ అడగలేదట. కానీ ఆ తర్వాత చలికాలమంతా, శుక్రవారం ఈమె కనిపిస్తే గోనె కింద దాచిన కట్ట తీసి ఇచ్చేవాడు. అతని దగ్గరే గంగపాయల కూర కూడా దొరికింది. "మన మిరపచేలల్లో పీకి గట్టున పారేస్తామే, అదే! అక్కడ రబ్బరుబాండేసి అమ్ముతారు. అరబ్బులు పచ్చిదే తింటారు. మా అమ్మ చూస్తే గుండెలు బాదుకునేది." అలా ఒక్కొక్కటే వెతుక్కుంది. చిక్కుడు ఏ నెలలో వస్తుందో, మెంతికూర ఎప్పుడు ముదిరిపోతుందో, ఎండలు మొదలయ్యే ముందు చివరి గోంగూర ఏ వారం వస్తుందో ఆ ఎడారిలో ఆమెకు తెలిసింది. ఇక్కడి నెలలు మాత్రం మరిచిపోయింది.

దొరకనిది చింతచిగురు ఒక్కటే. ఒకసారి మనవాళ్ళ కొట్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కనిపించిందట. విమానంలో వచ్చింది. లోపల ఆకు నల్లబడి చెమటపట్టి ఉంది. కొనలేదు.

ఇదంతా ఇంట్లోవాళ్ళకు తెలుసు. అందుకే నజీమా ఏటా ఉగాది దాటగానే చింతచిగురు తెప్పించి నీడలో ఆరబెట్టేది. గోంగూర ఎండబెట్టేది. వంకాయ వరుగులు, దోస వరుగులు, పండుమిరప పచ్చడి. హజ్రా బీ సెలవుకు వచ్చేసరికి ఇవన్నీ డబ్బాల్లో, మూటల్లో, టేపు చుట్టి, సూట్‌కేసులో సర్దడానికి తయారుగా ఉండేవి. ఆ ఇంట్లో మంచి ఆకు వచ్చిందంటే ముందు ఆపా వాటా ఎండాలి. ఆపా అంటే అక్క. ఆ తర్వాతే తినటం. నజీమా కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. నేను చూస్తూనే ఉన్నాను. ప్రేమతో చేసే పని.

ఈసారి హజ్రా బీ శివరాత్రి తిరణాల ప్రభలు వెళ్ళిపోయాక వచ్చింది. సెలవు కాదు. మోకాళ్ళు అరిగిపోయాయి, చాలించుకున్నానంది. దిగిన రోజే తమ్ముడితో "ఇక పోనురా" అంది.

ముజాహిద్ నవ్వాడు. "నువ్వు ప్రతిసారీ అనే మాటే గదా ఆపా. ముందు కూర్చో."

నిజమే, ప్రతిసారీ అనేది. అదీ చిక్కు.

ఆమె దగ్గర అకామా ఉంది, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు. ఏప్రిల్ ఆఖరు దాకా చెల్లుతుంది. ఆలోపు వస్తే పాత చోటే ఉంటుందని మామా చెప్పి పంపింది. చెల్లకుండా పోనిస్తే ఇక తిరిగి పోవటం లేనట్టే. "పోనిస్తానక్కా," అంది నాతో. "ఒక్క ఏడాది, నిండుగా, ఇక్కడి నెలలన్నీ చూడాలి. ఏ నెల ఆకు ఆ నెల తినాలి. మా ఇంటి పొయ్యి మీద." అంతకు మించి ఏమీ కోరలేదు.

రంజాన్ నెల ఆ ఇంట్లోనే గడిచింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు ఆమె వంటింటి వైపు అడుగుపెడితే నజీమా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పేది. "ఏంది ఆపా ఇది! అక్కడ చేసి చేసి అలిసిపోయి వచ్చావ్. ఉన్న నాలుగు రోజులన్నా కూర్చుని తిను." రోజూ మాంసమో, కోడో, బిర్యానీయో. కంచం ముందు ఆమెకే. పడక హాల్లో దివాన్ మీద. సూట్‌కేసు టీవీ పక్కన, దాని మీద ఒక లేసు గుడ్డ. బీరువాలో ఆమె బట్టలకు అర ఖాళీ చేద్దామని ఎవరికీ తట్టలేదు. ఆమె అడగలేదు. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళదీ ఒకటే పలకరింపు: "ఎప్పుడొచ్చావ్ హజ్రా? మళ్ళీ ఎప్పుడు?"

"మా ఇంటికి రా, నీకిష్టమైంది వండుకో," అన్నాను ఒకరోజు.

"వద్దక్కా. అక్కడ వేరే వాళ్ళ ఇంట్లోనే వండా, ఇక్కడా వేరే వాళ్ళ ఇంట్లోనేనా?" అంది. నేను నొచ్చుకుంటానేమోనని వెంటనే, "నీ ఉప్పుకారం నాకు చాలవులే," అని నవ్వింది.

పండగ దాటింది. ఎండలు ముదిరాయి. నకరికల్లు నుంచి వచ్చే నాగులమ్మ చింతచిగురు తెచ్చిందని తెలిసి, ఒక పొద్దున ఇద్దరం మార్కెట్టుకు బయల్దేరాం. ఆమె మోకాళ్ళు, నా మోకాళ్ళు. దారిలో ప్రతి అరుగు మీదా కూర్చుంటూ వెళ్ళాం.

మార్కెట్టు బయట గోనెపట్టా మీద నాగులమ్మ. ముందు లేత ఎరుపు కలిసిన ఆకుపచ్చ కుప్ప.

"ఏంది నాగులమ్మా, అప్పుడే ముదిరిందే!" అన్నాను, బేరానికి.

"ముదిరింది చిగురు కాదు తల్లీ, నీ కళ్ళు. అద్దాలు తుడుచుకుని చూడు."

హజ్రా బీ వంగి ఒక రెమ్మ తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

"కొనకుండానే కడుపు నింపుకుంటావా ఏంది?" అంది నాగులమ్మ. తర్వాత నన్నడిగింది, "ఎవురీమె? ఇక్కడ చూసినట్టు లేనే."

"మా పక్కింటామె. కువైట్‌లో ఉండేది."

"ఓహో. మళ్ళీ ఎప్పుడు పోతావమ్మా?"

"పోను," అంది హజ్రా బీ.

"పోవా? అయితే రేపు కూడా రా. కాలవ కట్ట మీద చెట్టు ఇంకా దూయలా. అది దీనికన్నా లేత. ఎల్లుండికి అదీ ముదురుద్ది, తర్వాత నన్నని లాభం లేదు."

అమ్ముకునేవాళ్ళు అనే మాటే అది. కానీ హజ్రా బీ ముఖం చూశాను. ఆమె పోనంటే పోదని ఒప్పుకుని, రేపటికి రమ్మన్న మొదటి మనిషి నాగులమ్మ. తిరిగొచ్చే దారిలో అరుగుల మీద కూర్చోలేదు. కందిపప్పు ఎంత వెయ్యాలి, తాలింపులో వెల్లుల్లి ఎప్పుడు పడాలి, రేపటి చిగురు మాంసంలో వెయ్యాలా రొయ్యల్లో వెయ్యాలా, ఒకటే మాటలు.

ఇంటికి రాగానే సంచి నజీమా చేతికిచ్చింది. "చూడు ఎంత లేతగా ఉందో," అంది. ఎండకు సొమ్మసిల్లినట్టు అయి, ముఖం కడుక్కుని, నమాజు చేసుకుని కాసేపు నడుం వాల్చిందట.

మధ్యాహ్నం నేను బట్టలు తీసుకోవడానికి డాబా ఎక్కాను. వాళ్ళ డాబా మీద రేకుల నీడలో నులకమంచం, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి, దుప్పటి నిండా చింతచిగురు. నజీమా పలుచగా వేళ్ళతో సర్దుతోంది.

"ఏమే నజీమా, పప్పులో వెయ్యలేదా?" అన్నాను.

"ఆపాకి ఎండింది కావాలి గదా పద్మజత్తా! ఈసారి పాపం తనే ఎండనబడి పోయి తెచ్చుకుంది. ఏప్రిల్ ఆఖరుకల్లా బాగా ఆరాలంటే ఇయ్యాలే వెయ్యాలి. మధ్యాహ్నానికి నాటుకోడి చేశాలే."

మెట్ల మీద హజ్రా బీ నిలబడి ఉంది. ఎంతసేపైందో తెలియదు. నజీమా వెనక్కి తిరిగి చూసి, మెచ్చుకోలు కోసం నవ్వింది. హజ్రా బీ కాసేపు ఆ దుప్పటిని చూసింది. మెల్లగా వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది.

"ఈనెలు తియ్యకుండా వేశావేందే? ఎండితే గుచ్చుకుంటయ్," అని ఒక్కో రెమ్మా తీసి ఈనె దూయటం మొదలుపెట్టింది. అత్తాకోడళ్ళలాగా ఇద్దరూ కూర్చుని అంతా బాగుచేశారు. నేను బట్టలు మడత పెట్టుకుని దిగివచ్చాను.

సాయంత్రం పిట్టగోడ దగ్గర అడిగాను. "ఒక్క మాట చెబితే వండి పెట్టేది కదా?"

"పెట్టేది. దాని మనసు మంచిది. పరుగెత్తి వండి పెట్టేది." గోట్లో ఇరుక్కున్న ఈనె లాగి పారేసింది. "అడిగి వండించుకుంటే మళ్ళీ చుట్టాన్నే గదక్కా."

మరుసటి రోజు నాగులమ్మ దగ్గరికి వెళ్దామా అన్నాను. కాళ్ళు నొప్పులంది. ఆ మరుసటి రోజు నేను అడగలేదు.

తర్వాతి రోజుల్లో ఆమె హాల్లో దివాన్ మీదే ఎక్కువగా కనిపించేది. మాంసం తినేది, బాగుందనేది. మామా ఫోన్ చేస్తే ముక్కలు ముక్కలుగా అరబ్బీలో మాట్లాడేది. ముజాహిద్ ఒకసారి "కాళ్ళు బాగాలేకపోతే ఉండిపో ఆపా, ఎవురు పొమ్మన్నారు" అన్నాడట. అతనూ నిజంగానే అని ఉంటాడు. ఆమె తలూపిందట, అంతే. ఆలస్యంగా వచ్చిన మాటకు అంతకన్నా ఏం చేస్తుంది?

ఇంతకు ముందు ఆమె ప్రయాణమంటే వీధి వీధంతా కదిలేది. నజీమా ఆమె కుడి జబ్బకు గుడ్డలో నాణెం చుట్టి కట్టేది, ప్రయాణంలో రక్షగా. ఆమె ఇంటింటికీ వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "పోయొస్తానక్కా, నీకేం తేవాలి?" అని అడిగేది. ప్రతిసారీ నేను "నువ్వు వస్తే చాలు" అనేదాన్ని.

ఏప్రిల్ నెలాఖరులో, మిట్టమధ్యాహ్నం, వరండాలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాను. ఆటో చప్పుడుకు మెలకువ వచ్చింది. ముజాహిద్ సూట్‌కేసు ఎత్తి పెడుతున్నాడు. నజీమా గడపలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. హజ్రా బీ నల్ల బురఖాలో, ఆటో కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత చేత్తో ఎత్తి రెండో కాలు లోపల పెట్టింది.

నేను లేచి గేటు దాకా వచ్చాను. మా గేటుకూ ఆటోకూ మధ్య నాలుగడుగులు. ఆమె ఒళ్ళో సంచి సర్దుకుంది, బురఖా అంచు చక్రంలో పడకుండా లోపలికి లాక్కుంది. ముజాహిద్ ఎక్కి "పోనీ" అన్నాడు.

ఆటో సత్తెనపల్లి రోడ్డు మలుపు తిరిగే దాకా ఆమె ముందుకే చూస్తూ కూర్చుంది.