రుఆబాంధా జెండా ముడి

మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ, చెప్పకపోతే మీకెలా తెలుస్తాది? సూర్యారావు. ఏభై తొమ్మిదిలో పలాస కాణ్ణించి వొచ్చి భిలాయి ప్లాంటులో చేరాడు. క్రేన్లకి తాళ్లూ గొలుసులూ కట్టడవే పని. రిటైరైపోయినా, ఆగస్టు పదిహేనుకి మా రుఆబాంధా సెక్టారులో జెండాలో బంతిరేకులు మడిచి ముడేసేది ఆయనే. ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారీ ఇంకోళ్లు ముట్టుకోలేదు.

కిందటేడు నవంబర్లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వొచ్చింది. రానీ, మేవూ టపాసులు కాల్చాం. ఈ ఆగస్టుకి జెండా కమిటీ సాహు ఇంటికొచ్చి, "చాచా, ఈసారి ముడి మా లోకల్ కుర్రోళ్లేస్తారు. మీరు ఆంధ్రా తరఫున పంచె కట్టుకుని ఊరేగింపులో నడవండి. బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు అందరూ వాళ్ల వాళ్ల బట్టల్లోనే వొస్తారు" అనీసాడు.

ఓలమ్మో, నా ఒళ్లు మండిపోయింది! నలభై రెండేళ్లు ప్యాంటుతో బతికినోడికి పంచేటి? పలాస ఎళ్తే భిలాయోళ్లంటారు, ఇక్కడేమో ఆంధ్రోళ్లంటారు. రెంటికీ చెడ్డ రేవళ్లమైపోయాం.

"వొల్లనని చెప్పీ" అన్నాను మా ఆయన్తో.

"పండగ పూట పేచీలెందుకే గున్నమ్మా" అన్నాడు. ఆ ముడి పోయిందన్న బాధకి రాత్రి అన్నం సగంలో వదిలీసాడు. పక్కింటి పరబ్రహ్మాన్నడిగి పంచె తెచ్చాడు. నాలుగుసార్లు కట్టినా జారిపోతే మీద బెల్టు పెట్టాను.

పండగనాడు పొద్దున్నే వాన. తడిస్తే నూలుతాడు బిగుసుకుపోతాదని ఆ కుర్రోళ్లకేం తెలుసు? జెండా ఎగరెయ్యడానికొచ్చిన పెద్దమనిషి తాడు లాగితే జెండా విచ్చుకోలేదు. మళ్లీ లాగితే ఇంకా బిగిసింది. జనగణమనకి నోరు తెరిచిన పిల్లలు అలాగే ఉండిపోయారు.

"రావు చాచా, జల్దీ!" అని సాహు మైకులో అరిచాడు.

మా ఆయన జెండా కిందకి దింపి, గోళ్లతో ముడి విప్పి, మళ్లీ మడిచి, వదులుగా ముడేసి ఎక్కించాడు. ఈసారి లాగ్గానే రేకులు రాలాయి. అందరూ చప్పట్లు.

సాహు సంబరంగా, "ఆంధ్రా నుంచి వొచ్చిన మన అతిథికి ఇంకోసారి!" అన్నాడు. చెడ్డ బుద్ధితో అన్లేదు. అదే నాకు మరీ మంట.

మా ఆయన మైకు లాక్కున్నాడు. ఛత్తీస్‌గఢీలోనే అడిగాడు: "బాబూ, అతిథి సాయంత్రానికి ఇంటికెళ్లిపోవాల కదా. మరి నాను ఏ ఇంటికెళ్లాల?"

సాహు లడ్డూలు పంచమని సైగ చేసాడు. జనం అటెళ్లిపోయారు. నేనెళ్లి చెయ్యట్టుకు లాగినా మా ఆయన కదల్లేదు. జవాబు చెప్పమని సాహు ముందే నిలబడ్డాడు.