ఆరు వైర్ల పంపకం

రావులపాలెంలో అరటి మార్కెట్టు వెనక సందులో చిట్టియ్య మోటారు వైండింగు షాపు ఉంది. దానికి బోర్డు లేదు. బోర్డు చూసి వచ్చేవాడికి మోటారు సంగతి తెలియదని చిట్టియ్య అభిప్రాయం.

అతను ఐటీఐ ముఖం చూడలేదు. కుర్రతనంలో ఇంట్లో మోటారు కాలిపోతే, పాత సామాన్లవాడు వచ్చేలోగా దాన్ని విప్పాడు. రాగితీగ ఎలా వెళ్లిందో చూసుకుంటూ బయటికి లాగి, మళ్లీ అలాగే చుట్టాడు. పొగ వచ్చింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ పొగే. ఆ తరవాత తిరిగింది. అతని చదువంతా అదే. అందుకే నోటితో పనిచేసేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. ఎవరైనా మోటారు దించి “ఓల్టేజీ వల్లేమోనండి” అని మొదలెడితే, “మోటారు ఇక్కడ పెట్టి, మీ అనుమానాలు ఇంటికి పట్టుకెళ్లండి” అనేవాడు.

తను చుట్టిన మోటారు ఏడాది తిరక్కుండా షాపుకి వెనక్కి రాలేదన్నది అతనికున్న ఒకే ఒక గర్వం. ఈ వేసవిలో దానికే ఎసరొచ్చింది.

గోదావరి లంకలో అరటితోటలున్న చంద్రరావు ఫోన్ చేశాడు. “నువ్వు చుట్టిన మోటారు పోయిందయ్యా. నాలుగు నెలలు కాలేదు. మార్కెట్లో అందరికీ చెప్పాను.”

“అందరికీ చెప్పాకా నాకు చెప్పడం? పొగ వచ్చిందా?”

“లేదు.”

“కాలిన వాసన?”

“లేదు. కనీసం గుర్రుమనటం కూడా లేదు. కట్టెలా పడుంది.”

“అయితే పోయింది మోటారు కాదు” అని చిట్టియ్య బండి తీశాడు.

తోటలో గెలలు సగం తయారై ఉన్నాయి. ఆకులు ఎండకి మడతపడుతున్నాయి. బోరు షెడ్డులో ఎదురెదురు గోడలకి రెండు కొత్త స్టార్టర్లు, ఒక్కోదానికి ఒక్కో తాళం. ఒకదాని పక్కన చంద్రరావు, రెండోదాని పక్కన అతని తమ్ముడు గణేష్‌బాబు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పెద్దిరాజు కూర్చున్నాడు. చుట్టుపక్కల తగువులన్నీ తీర్చే పెద్దమనిషి ఆయన. ఆయన తీర్చినవాటిలో సగం ఇప్పుడు కోర్టులో ఉన్నాయి.

“రావయ్యా చిట్టియ్యా” అన్నాడు పెద్దిరాజు. “ఎంత న్యాయంగా పంచానో చూడు. పొలం చెరిసగం, కొబ్బరిచెట్లు చెరిసగం. ఈ మోటారు ఒక్కటీ అడ్డుపడింది. మోటారు మీది పెట్టె మూత తీయించి చూద్దును కదా, ఆరు వైర్లు! కరెంటుకి ఉన్నవి మూడు ఫేజులు. అంటే మూడు ఎగస్ట్రా. పెద్దాడికి మూడు, చిన్నాడికి మూడు. ఎవరి కరెంటు సర్వీసు వాళ్లది, ఎవరి స్టార్టరు వాళ్లది. దేవుడే పంచిపెట్టినట్టు కుదిరింది.”

“దేవుడు కాదండి రాజుగారూ, నేను చుట్టాను.”

“ఆ చుట్టడంలోనే ఏదో తేడా కొట్టింది” అన్నాడు గణేష్‌బాబు.

చిట్టియ్య మోటారు దగ్గర గొంతుకూర్చున్నాడు. కాయిళ్లు ఒక్కొక్కటే మీటరు పెట్టి చూశాడు. మూడూ చక్కగా ఉన్నాయి. మూలనున్న యూరియా బస్తా లేపితే, దాని కింద పాత స్టార్టరు కనపడింది.

“దీన్నెందుకు పీకారు?”

“అది ఉమ్మడిది కదా” అన్నాడు పెద్దిరాజు. “ఉమ్మడిదేదీ ఉండకూడదన్నాను.”

చిట్టియ్యకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే రాజుగారు అది తన మాటకారితనానికి మెచ్చుకోలు అనుకుంటాడు.

“ఆ ఆరూ ఆరు వైర్లు కావండి. మూడు కాయిళ్లు, ఒక్కోదానికి రెండు కొసలు. మీరు ఒక కొస అన్నకీ రెండో కొస తమ్ముడికీ ఇచ్చారు. ఆవుని పంచమంటే తల ఒకరికీ తోక ఒకరికీ ఇచ్చినట్టు. ఒక్కరే స్విచ్చేస్తే కరెంటు అటు వెళ్లి ఆగిపోతుంది, తిరిగొచ్చే దారి లేదు. ఇద్దరూ వేసినా అంతే. రెండు కొసలకీ అదే ఫేజు ఇచ్చాడు మీ వైరింగువాడు.”

“మరి చిన్న మోటార్లకి మూడేగా వస్తాయి?” అన్నాడు చంద్రరావు.

“వాటికి మిగతా మూడూ లోపలే ముడేసేస్తాను. ఇది పది హెచ్‌పీ. ఒక్కసారిగా లేస్తే ఊళ్లో లైట్లన్నీ కళ్లు మూస్తాయి. అందుకని ముందు స్టార్‌లో కలిపి, కాయిళ్లకి ఓల్టేజీ తగ్గించి మెల్లగా లేపాలి. వేగం అందుకున్నాక డెల్టాలోకి మార్చి పూర్తి ఓల్టేజీ ఇవ్వాలి. ఆ మార్చడం బయట స్టార్టరులో జరగాలంటే కొసలన్నీ బయట ఉండాలి. మీరు ఎగస్ట్రా అన్నవి అందుకండి.”

“చెప్పడం బానే ఉంది” అన్నాడు పెద్దిరాజు. “తిప్పి చూపించు.”

ఆయన అడక్కపోయినా చిట్టియ్య తిప్పేవాడే. మాటతో నమ్మేవాళ్లు మాటతోనే మళ్లీ అపనమ్మకం తెచ్చుకుంటారని అతనికి తెలుసు. కరెంటు కట్టేయించి, గణేష్‌బాబు వైపు మూడు వైర్లనీ ఒక్కో స్థానం పక్కకి జరిపి, ప్రతి కాయిలుకీ రెండు కొసల్లో వేరువేరు ఫేజులు వచ్చేలా బిగించాడు. “ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి నొక్కండి” అన్నాడు.

అన్నదమ్ములు చాలా రోజుల తరవాత ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. నొక్కారు. మోటారు ఒక్క ఊపున లేచింది, గొట్టంలోంచి నీళ్లు దూకాయి.

పెద్దిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “అదీ! ఇద్దరూ కలిస్తేనే నీళ్లు! నేననుకున్నది ఇదే. ఇలాగే ఉంచెయ్, చిట్టియ్యా.”

చిట్టియ్య గణేష్‌బాబు స్టార్టరు ఆపించాడు. మోటారు నిదానంగా ఆగింది. అన్న స్టార్టరు వేసే ఉంది. అప్పుడు టెస్ట్ ల్యాంపు తీసి, ఆపేసిన తమ్ముడి స్టార్టరులో మోటారు వైపు బిగింపుకి తాకించాడు. బల్బు వెలిగింది.

“ఇది ఆపేసిందేనండి. అన్నగారి కరెంటు కాయిళ్లలోంచి ఇటొచ్చి కూర్చుంది” అన్నాడు చిట్టియ్య. “ఆపేశాను కదా అని ఈయన చెయ్యి పెట్టాడనుకోండి, రాజుగారికి పంచడానికి ఇంకో వాటా మిగులుతుంది.”

గణేష్‌బాబు రెండడుగులు వెనక్కి వేశాడు. “అన్నయ్యా, నువ్వు కూడా ఆపెయ్” అన్నాడు. చంద్రరావు అంత తొందరగా తమ్ముడి మాట ఎప్పుడూ విని ఉండడు.

“కాలవ నీళ్లకి వంతులు వేసుకుంటారు” అన్నాడు చిట్టియ్య, రెండు కొత్త స్టార్టర్లనీ విప్పుతూ. “తాతల నాటినించీ వేసుకుంటున్నారు. కాలవని ఎవడైనా నిలువునా కోసి పంచుకున్నాడా? మోటారు దగ్గరికొచ్చేసరికి బుర్ర ఏమైందండి?”

పాత స్టార్టరు మట్టి దులిపి గోడకెక్కించాడు. ఆరు కొసలూ దాంట్లో బిగించాడు. మోటారు ఈసారి మెల్లగా లేచి, లోపల టక్‌మని మారి, నిండుగా తిరిగింది. రోజు మార్చి రోజు వంతు అనుకున్నారు అన్నదమ్ములు. ఎవరి రోజు ముందో తేలక మళ్లీ గొడవపడుతుంటే, చిట్టియ్య స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. ఆ గొడవ మోటారుది కాదు.

“మార్కెట్లో చెప్పింది మళ్లీ చెప్పండి, ఇప్పుడు సరిగ్గా” అన్నాడు చంద్రరావుతో.

చంద్రరావు చెప్పాడో లేదో కానీ, పెద్దిరాజు మాత్రం చెప్పాడు. ఆరు వైర్లతో అన్నదమ్ముల్ని ఎలా కలిపాడో టీకొట్టు దగ్గర వర్ణించాడు. ఆ కథలో చిట్టియ్య లేడు. అది విని చిట్టియ్య భార్య దేవకుమారి, “నువ్వెళ్లి చెప్పవచ్చుగా?” అంది, మోటారు స్లాట్లలో తీగ కింద పెట్టే ఇన్సులేషను కాయితం కత్తిరిస్తూ.

“మోటారు తిరుగుతోంది. అది చెబుతోంది” అన్నాడు చిట్టియ్య.

అరటి కోతల సమయానికి పెద్దిరాజు నుంచి ఫోనొచ్చింది. గొంతులో మంచి హుషారు.

“చిట్టియ్యా, పక్క ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములయ్యా. తొమ్మిది వైర్ల మోటారు ఎక్కడైనా దొరుకుతుందా?”

చిట్టియ్య ఓసారి ఫ్యాక్టరీలో పై దేశం మిషను విప్పినప్పుడు తొమ్మిది కొసల మోటారు చూశాడు. ఆ సంగతి రాజుగారి చెవిన వేస్తే ఏమవుతుందో ఊహించుకున్నాడు.

“ఆ ముగ్గుర్నీ వాళ్ల మోటారు పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి” అన్నాడు. “మీరు రాకండి.”