శనివారం నాడు గోల్ఫ్ కర్రలు

పదేళ్ల తర్వాత మళ్లీ గోల్ఫ్ ఆడదామని, ఐరన్లు, అంటే ఇనుప తల ఉన్న కర్రలు కొనడానికి ఈ రోజు విజయనగరం నుంచి విశాఖ వెళ్లాను. కోటబొమ్మాళిలో వరి పండించే మా మావయ్య తోడొచ్చారు.

నా కళ్లన్నీ ఒకప్పుడు నేను ఆడిన సన్నటి తల రకం మీదే. షాపులో కట్టిన వలలోకి పది బంతులు కొడితే ఏడు పక్కకి పోయాయి, మోచేతుల దాకా జివ్వుమంది. అయినా అవే కావాలన్నాను. మావయ్య ఒక వెడల్పు తల కర్ర తీసి, కొత్త పారని చూసినట్టు నేలకి ఆనించి చూశారు.

"ఒరే, పార కొన్నప్పుడు అందం సూస్తామేట్రా? సెయ్యి నొప్పెడతాదో లేదో సూస్తాం. ఇది పట్టు."

కొట్టాను. బంతి తిన్నగా వెళ్లింది, నా బడాయి పక్కకి పోయింది. బిల్లు వేయమంటుంటే మావయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇయ్యాల శనివారం, ఇనుము కొనకూడదు. రేపొద్దాం. ఆ బంతి నేనూ ఓపాలి కొట్టి సూడాల."

ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఇంతకీ రేపు కొనేది నాకా, ఆయనకా? మీరే చెప్పండి.