ఖాజాగూడ రాళ్ల లోయలో లేవనని కూర్చున్న ఉదయం

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో అందరూ నన్ను గాజు బొమ్మలా చూడడం మొదలుపెట్టారు. జీవితమంతా వార్డుల్లో నిలబడి పనిచేసిన నర్సును నేను. ఆపరేషన్ అయినవాళ్లను మంచం దించి నడిపించడమే నా వృత్తి. అయినా మా అబ్బాయి ప్రసాద్, "నడవాలంటే కారిడార్‌లో నడువమ్మా, ఎండ కూడా తగలదు" అంటాడు. మణికొండలో మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో చెప్పుల స్టాండ్లు తప్ప చూడడానికి ఏమీ లేదు. ఇక ఎత్తుపల్లాల్లోనూ నడవవచ్చని డాక్టర్ చెప్పగానే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఖాజాగూడ గుట్టలకు బయలుదేరాను. ఎవరినీ అడగలేదు. వెళ్తున్నానని మాత్రం చెప్పాను.

తెల్లవారుజామున ఐటీ కంపెనీల ట్రాఫిక్ ఉండదు కాబట్టి మణికొండ నుంచి ఆటోలో పావుగంట చాలు, వంద రూపాయలు దాటదు. ఆటో నడిపిన యాదగిరిది బోరబండ. నన్ను దింపి, నా కర్ర వంకా గుట్ట వంకా మార్చి మార్చి చూశాడు.

"ఒక్కదానివే పోతవా అమ్మా? గా రాళ్లల్ల ఏముంటది?"

"పిట్టలుంటాయి నాయనా."

"పిట్టల కోసం గింత పరేషానా! జర పైలం. కాలు నొస్తే ఫోన్ కొట్టు, లోపలికే వస్త."

రోడ్డు దిగి తుమ్మ పొదల మధ్య కాలిబాట పట్టుకుంటే కాసేపటికి రెండు గుట్టల నడుమ సన్నని లోయ మొదలవుతుంది. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బండలు, వాటి వెనక అద్దాల టవర్లు. లోపలికి వెళ్లేకొద్దీ హారన్లు తగ్గి పికిలిపిట్టల అరుపులు పెరుగుతాయి. ఫిబ్రవరి చివర కావడంతో మోదుగ పూసింది. తీగమీద కూర్చున్న పసిరిక పిట్ట గాల్లోకి దూకి తూనీగను పట్టి, మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంది. ముంగిస ఒకటి నన్ను చూసి ఆగి, భయపడాల్సినంత మనిషిని కానని తేల్చుకుని నింపాదిగా పొదలోకి పోయింది. నా నడక నెమ్మది. ఆ నెమ్మది వల్లే ఇవన్నీ కనిపించాయి.

లోయలో ఒకచోట, రాతి గోడకు కొంచెం ఎత్తున ఉన్న అరుగులాంటి గట్టుమీద తల మీద కొమ్ముల్లా ఈకలున్న గోధుమ రంగు గుడ్లగూబ కనిపించింది. ముందు రాయే అనుకున్నాను. నారింజ రంగు కళ్లు తెరిచాకే తెలిసింది. దాని పొట్ట కింద దూదిలాంటి రెండు పిల్లలు! ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుని ఎంతసేపు చూశానో తెలియదు.

అంతలో వెనక నుంచి మాటలు వినిపించాయి. పెళ్లికి ముందు తీసుకునే ఫోటోల కోసం ఒక జంట, వాళ్ల వెంట ఫోటోగ్రాఫర్, అతని సహాయకులు. వస్తూనే డ్రోన్ ఎగరేశారు. ఆ రొదకు తల్లి గుడ్లగూబ లేచి లోయ దాటి వెళ్లిపోయింది. పిల్లలు గోడకు అతుక్కుపోయాయి. ఎక్కడినుంచి వచ్చాయో, రెండు కాకులు గట్టు అంచున వాలాయి. నేను కర్ర ఎత్తి అదిలిస్తే ఎగిరి, పక్క బండ మీద కూర్చుని ఎదురుచూడసాగాయి.

ఫోటోగ్రాఫర్ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, జర పక్కకు జరుగుతరా? ఫ్రేముల వస్తున్రు. ఇక్కడ కలర్ పొగ పెట్టాలె."

"పైన గుడ్లగూబ పిల్లలున్నాయి బాబూ. మీ డ్రోన్‌కు తల్లి లేచిపోయింది. దించండి, పొగ పెట్టకండి."

"గుడ్లగూబనా? పెండ్లి షూట్‌ల అపశకునం మేడమ్!"

"దానికి మనమే అపశకునంలా వచ్చాం."

పెళ్లికొడుకు విసుగ్గా ముందుకొచ్చాడు. "ఈ జాగా మీదా ఆంటీ? లేవకపోతే ఎవరినైనా పిలవాల్సి వస్తుంది."

నాకు కోపం వచ్చింది. కర్ర ఒళ్లో పెట్టుకుని ఇంకా సర్దుకుని కూర్చున్నాను. "నాది కాదండి, మీదీ కాదు. ఇల్లు కట్టుకున్నవాళ్లు పైన ఉన్నారు. పిలవండి, నన్ను లేపడానికి ఇద్దరైనా కావాలి. నా మోకాలు కొత్తది, అంత తొందరగా మాట వినదు."

డ్రోన్ ఇంకా మా తలల మీదే తిరుగుతోంది. అప్పటిదాకా దూరంగా ఉన్న పెళ్లికూతురు బరువైన లెహెంగా కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని నా పక్కకు వచ్చింది. "ఒకసారి చూడనిస్తారా ఆంటీ?" అంది. బైనాక్యులర్స్ ఇచ్చాను. కళ్లకు ఆనించుకుని గట్టు వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, "ఒకటి ఇంకోదాని వెనక దాక్కుంటోంది" అని, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. "డ్రోన్ దించండి. పొగ కూడా వద్దు."

"డ్రోన్, పొగ మొత్తం బుక్ చేశాం కదా శ్రావ్యా!" అన్నాడు పెళ్లికొడుకు.

"అయితే కింద చెరువు దగ్గర తీయించుకుందాం. ఇక్కడ తీసినవి ఆల్బమ్‌లో ఉంటే నేను తెరిచి చూడను."

డ్రోన్ దిగింది. అందరూ లోయ మలుపు అవతలికి వెళ్లారు. శ్రావ్య మాత్రం, మేకప్ చెదురుతోందని ఎవరో పిలుస్తున్నా, నా పక్కనే కూర్చుంది. కాకులు వచ్చిన ప్రతిసారీ తనే లేచి చున్నీ విసిరి తోలింది. చాలాసేపటికి తల్లి గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వాలింది. పిల్లలు దాని కిందికి దూరిపోయాయి. శ్రావ్య నా చేయి గట్టిగా నొక్కింది.

ఆ రోజు పెద్ద ఘనకార్యం ఏదో చేశానని అనుకోను. రేపు ఇంకో జట్టు రావచ్చు, ఇంకో డ్రోన్ ఎగరవచ్చు. కానీ పక్కకు జరగమన్న ప్రతిసారీ జరిగిపోవడం మనకు బాగా అలవాటైపోయింది. రోడ్డు మీద, ఆఫీసులో, ఇంట్లోనూ. జరగను అని ఒక్కరు కూర్చుంటే, పక్కన ఇంకొకరు వచ్చి కూర్చునే చోటు ఏర్పడుతుంది. ఆ లోయలో నాకు దొరికింది అదే. మళ్లీ వెళ్తాను, మళ్లీ అడ్డొస్తే మళ్లీ కూర్చుంటాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: గూడు కనిపిస్తే ఫోటో తీసుకోండి కానీ, అది ఏ బండ దగ్గరో ఎక్కడా రాయకండి. నేనూ రాయలేదు.